పట్టా కోసం పడమరకు: చెరోకీ నాయకుడు దువాలి జీవితం

చెరోకీల వలస గురించి రాసేవాళ్లు ఎక్కువమంది 1838–39 నాటి 'కన్నీటి బాట'తో మొదలుపెడతారు. అమెరికా సైన్యం జార్జియా, టెన్నెసీ, నార్త్ కరోలినా కొండల్లోంచి వేలమందిని బలవంతంగా పడమరకు నడిపించిన ఘట్టం అది. దారిలోనే కొన్ని వేలమంది చనిపోయారు. ఆ దారుణం గురించి ఎంత రాసినా తక్కువే. కానీ అంతకు చాలా ఏళ్ల ముందే, సైన్యం వచ్చి తరమకుండానే, సొంత నిర్ణయంతో మిసిసిపీ నది దాటిన చెరోకీలు ఉన్నారు. వాళ్ల కథ పెద్దగా ఎవరికీ తెలియదు. ఆ తొలి వలస నాయకుల్లో అందరికంటే ఎక్కువ దూరం వెళ్లినవాడు, ఎక్కువసార్లు ఊరు మార్చినవాడు దువాలి. ఆ పేరుకు చెరోకీ భాషలో 'గిన్నె' అని అర్థం. అందుకే తెల్లవాళ్లు ఆయన్ని 'ది బౌల్' అనీ, 'చీఫ్ బౌల్స్' అనీ పిలిచారు.

ఆయన జీవితాన్ని పారిపోయిన మనిషి కథగా చెప్పడం సులువు. నార్త్ కరోలినా నుంచి మిసోరీకి, అక్కడి నుంచి ఆర్కన్సాకు, ఆర్కన్సా నుంచి టెక్సస్‌కు వెళ్లాడు. తెల్లవాళ్లు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఇంకాస్త పడమరకు జరిగాడు. కానీ ఆయన ఆగిన చోట్లు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. దువాలి ఎప్పుడూ మనుషులు లేని మారుమూల అడవిని వెతుక్కోలేదు. ఆయన ఆగినవి దాదాపు అన్నీ రెండు శక్తులు ఒకదాన్ని చూసి ఒకటి భయపడే సరిహద్దులే. అలాంటి చోట, ఎవరి పక్షమూ కాని కొన్ని వందలమంది సాయుధులకు విలువ ఉంటుంది. ఆ విలువను భూమిగా, ఆ భూమిని పట్టాగా మార్చుకోవాలన్నది ఆయన ప్రయత్నం. అది తెలివైన ఆలోచనే. అయినా ఎందుకు విఫలమైందో అర్థం కావాలంటే ఆయన్ని మొదటి నుంచీ చూడాలి.

దువాలి 1756 ప్రాంతంలో నార్త్ కరోలినాలో పుట్టాడు. తండ్రి స్కాట్లండ్ నుంచి వచ్చిన వ్యాపారి అనీ, తల్లి చెరోకీ అనీ చెబుతారు. చెరోకీల్లో వంశం తల్లి వైపు నుంచి లెక్కిస్తారు కాబట్టి తండ్రి ఎవరైనా ఆయన పూర్తి చెరోకీయే. ఆయనకు ఇరవై ఏళ్ల వయసులో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తోంది. చెరోకీల్లో చాలామంది బ్రిటిష్ వాళ్ల వైపు నిలబడ్డారు. ఆ కోపంతో 1776లో అమెరికన్ దండ్లు వాళ్ల ఊళ్లను వరుసపెట్టి తగలబెట్టాయి, పంటలు నాశనం చేశాయి. పెద్దలు భూములు వదులుకుని సంధి చేసుకుంటే, యువకుల్లో ఒక వర్గం ఒప్పుకోక 1794 దాకా పోరాడింది. దువాలి ఆ కాలంలోనే హైవాసీ ప్రాంతంలో ఒక ఊరికి పెద్ద అయ్యాడు.

ఆయన పడమరకు ఎప్పుడు బయల్దేరాడన్న దాని మీద రెండు వాదనలున్నాయి. చెరోకీ పెద్దలు చెప్పుకున్న కథ ప్రకారం 1794లో టెన్నెసీ నది మీద మజిల్ షోల్స్ దగ్గర పడవల్లో వచ్చిన తెల్ల వ్యాపారులకూ దువాలి మనుషులకూ కొట్లాట జరిగింది. పడవల్లోని మగవాళ్లు చనిపోయారు. సంధి కోసం చూస్తున్న చెరోకీ సభ దీన్ని తప్పుపట్టడంతో ఆయన తన వాళ్లతో మిసిసిపీ దాటేశాడు. చరిత్రకారుల్లో మరికొందరు ఈ ప్రయాణాన్ని 1810 ప్రాంతంలో పెడతారు. ఏ తేదీ తీసుకున్నా అప్పటి పరిస్థితి మాత్రం ఒకటే. తూర్పున చెరోకీ భూమి ఒప్పందం వెంట ఒప్పందంగా తరిగిపోతోంది. సంతకాలు పెట్టినవాళ్ల మీద సొంతవాళ్లకే కోపం. 1807లో డబుల్‌హెడ్ అనే పెద్ద నాయకుడిని, భూములు అమ్మి సొంతానికి లాభపడ్డాడని చెరోకీలే చంపేశారు. అతనితో పాటు సంతకాలు పెట్టిన తలోంటీస్కీ అనే నాయకుడు తర్వాత వెయ్యిమందికి పైగా జనంతో ఆర్కన్సాకు తరలిపోయాడు. అంటే పడమటి వలసకు తెల్లవాళ్ల ఒత్తిడి ఎంత కారణమో, ఆ ఒత్తిడి చెరోకీల మధ్య పెట్టిన చీలిక కూడా అంతే కారణం.

మిసిసిపీకి పడమర, ఇప్పటి మిసోరీ–ఆర్కన్సా సరిహద్దులో సెయింట్ ఫ్రాన్సిస్ నది లోయ ఉంది. 1803లో లూసియానాను అమెరికా కొనేదాకా ఆ నేల మీద పెత్తనం స్పెయిన్‌ది. అమెరికన్లను చూసినా, ఓసేజ్ తెగను చూసినా స్పెయిన్ అధికారులకు భయమే. మధ్యలో అడ్డుగోడలా ఉంటారని చెరోకీ, షానీ, డెలవేర్ తెగల వాళ్లను రానిచ్చారు. దువాలి జనం అక్కడ స్థిరపడ్డారు. 1811 డిసెంబర్ నుంచి 1812 ఫిబ్రవరి వరకు న్యూ మాడ్రిడ్ భూకంపాలు ఆ లోయను అతలాకుతలం చేశాయి. నేల నోరు తెరిచింది, పొలాలు కుంగాయి, అడవులు నీట మునిగాయి. చెరోకీలు ఆ చోటు వదిలి ఆర్కన్సా నది వైపు వెళ్లారు.

అక్కడ ఓసేజ్‌లతో రక్తపాతం మొదలైంది. వేట భూములు వాళ్లవి, కొత్తగా వచ్చినవాళ్లు చెరోకీలు. ఒక తెగను ఇంకో తెగ నేల మీదికి తోసేసి, తర్వాత శాంతి కాపాడే పేరుతో కోట కట్టడం అమెరికా ప్రభుత్వ పద్ధతి. 1817 చివర్లో ఫోర్ట్ స్మిత్ అలాగే పుట్టింది. దువాలి జీవితాన్ని మార్చింది మాత్రం ఆ యుద్ధం కాదు, అదే ఏడాది జులైలో జరిగిన ఒప్పందం. తూర్పున వదులుకున్న భూమికి బదులుగా ఆర్కన్సాలో భూమి ఇస్తామని అమెరికా ఒప్పుకుంది. దాని ప్రకారం చెరోకీ నేల ఆర్కన్సా నదికి ఉత్తరాన, వైట్ నది వరకు. దువాలి ఊరు దక్షిణపు ఒడ్డున ఉంది. నది ఏ వైపు ఉన్నావన్న ఒక్క కారణంతో, కట్టుకున్న ఇళ్లూ చదును చేసుకున్న పొలాలూ హద్దు బయట పడిపోయాయి. ఉత్తరపు ఒడ్డుకు మారమన్నారు. ఆయన మారలేదు. 1819లో సుమారు అరవై కుటుంబాలతో దక్షిణానికి, స్పెయిన్ ఏలుబడిలోని టెక్సస్‌లోకి వెళ్లాడు. మొదట ఇప్పటి డల్లాస్ దగ్గర ట్రినిటీ నది పాయల వద్ద ఆగారు. అక్కడి మైదాన తెగలతో పొసగక, తూర్పుకు జరిగి నాకడోచెస్ పట్టణానికి ఉత్తరాన ఉన్న అడవుల్లో ఊళ్లు కట్టుకున్నారు.

అప్పటికి దువాలికి అరవై దాటాయి. ఇక్కడ ఆయన ఇరవై ఏళ్లు ఉన్నాడు. మొక్కజొన్న పండించారు, పశువుల మందలు పెంచారు, నాకడోచెస్ మార్కెట్లో అమ్మారు. షానీ, డెలవేర్, కికాపూ లాంటి తెగల వాళ్లు కూడా వచ్చి పక్కన చేరారు. కడుపు నిండిన, ఎవరి జోలికీ పోని ఊళ్లు అవి. లేనిదల్లా పట్టా. ఈ ఇరవై ఏళ్లూ ఆ కాగితం కోసమే గడిచాయి.

1821లో మెక్సికో స్వతంత్రమైంది, టెక్సస్ దానిలో భాగమైంది. అప్పట్లో చెరోకీల తరఫున మాట్లాడేవాడు రిచర్డ్ ఫీల్డ్స్, దువాలి ఊరి పెద్దల్లో ఒకడు. 1822 నవంబర్‌లో గవర్నర్ ట్రెస్పలాసియోస్ వాళ్లతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. చెరోకీలు సరిహద్దు కాపలా కాయాలి, దొంగరవాణాను ఆపాలి. ఆ భూమి దున్నుకోవచ్చు. కానీ సొంతమని మాత్రం కాగితంలో లేదు. సొంతం చేయించుకోవడానికి ఫీల్డ్స్ మెక్సికో నగరానికి వెళ్లేసరికి అక్కడ చక్రవర్తి ఇతుర్బిదే పతనమవుతున్నాడు. కొత్త ప్రభుత్వం పాత ఏర్పాటును తాత్కాలికంగా కొనసాగించి, అసలు సంగతి వలస చట్టం వచ్చాక చూద్దామంది.

ఆ చట్టం వచ్చింది, దాని ప్రకారం భూములూ పంచారు. అయితే వేరేవాళ్లకు. అమెరికా నుంచి కుటుంబాలను తెచ్చి స్థిరపరుస్తామన్న గుత్తేదార్లకు మెక్సికో పెద్ద పెద్ద ప్రాంతాలు రాసిచ్చింది. చెరోకీలు దున్నుతున్న నేల కూడా 1826లో అలాంటి ఒక గుత్తేదారు వాటాలోకి పోయింది. అతని పేరు డేవిడ్ బర్నెట్. ఈ పేరు గుర్తుంచుకోవాలి.

మోసపోయామని ఫీల్డ్స్‌కు అర్థమైంది. సరిగ్గా అప్పుడే నాకడోచెస్‌లో ఎడ్వర్డ్స్ సోదరులు అనే అమెరికన్ వలసదారులు మెక్సికో మీద తిరగబడ్డారు. 1826 డిసెంబర్‌లో 'ఫ్రెడోనియా రిపబ్లిక్' అని ప్రకటించి, టెక్సస్‌ను చెరోకీలతో సగం సగం పంచుకుందామన్నారు. ఫీల్డ్స్, ఆయన సహచరుడు జాన్ డన్ హంటర్ సంతకం పెట్టారు. దువాలి పెట్టలేదు. బిగ్ మష్ అనే మరో పెద్దతో కలిసి ఆ తిరుగుబాటుకు దూరంగా నిలబడ్డాడు. ఎవరి బలమెంతో ఆయన సరిగ్గానే అంచనా వేశాడు. కొన్ని వారాల్లోనే తిరుగుబాటు కూలిపోయింది. ఫీల్డ్స్‌నూ హంటర్‌నూ చెరోకీలే చంపారు. మెక్సికో దువాలికి సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చింది.

ఈ ఘట్టంలో దువాలిని మెచ్చుకోవడం కష్టం. ఏళ్ల తరబడి తన జనం కోసం తిరిగిన ఫీల్డ్స్ ప్రాణం పోయింది, హోదా మాత్రం దువాలికి దక్కింది. ఆయన వైపు నుంచి చూస్తే అది ఊళ్లన్నిటినీ కాపాడుకోవడానికి కట్టిన మూల్యం. చెరోకీలు తిరుగుబాటులో మిగిలి ఉంటే మెక్సికో సైన్యం నేరుగా ఆ మొక్కజొన్న చేల మీదికే వచ్చేది. అయినా, ఇంత విధేయత చూపించినా మెక్సికో ఇచ్చింది హోదానే గానీ పట్టా కాదు.

పట్టాకు దువాలి బాగా దగ్గరగా వచ్చింది 1830 తర్వాతే. అమెరికన్ వలసదారులు అదుపు తప్పుతున్నారని మెక్సికోకు టెన్షన్ మొదలైంది. సరిహద్దు జనరల్ మియెర్ ఇ తెరాన్, చెరోకీలు తూర్పు టెక్సస్‌లో అడ్డుగోడగా పనికొస్తారని భావించి, వాళ్లకు పట్టాలు ఇమ్మని చెప్పాడు. గవర్నర్ లెతోనా సరే అన్నాడు. నాకడోచెస్ దళపతి పియెద్రాస్ ఆ పని పూర్తి చేయాలి. 1832 వేసవిలో తెరాన్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఆగస్టులో అమెరికన్ వలసదారులు పియెద్రాస్‌ను నాకడోచెస్ నుంచి తరిమేశారు. లెతోనా పచ్చజ్వరంతో చనిపోయాడు. కొన్ని నెలల్లో ముగ్గురూ పోయారు, ఫైలు అక్కడే ఆగిపోయింది. 1833లో, డెబ్బై ఏడేళ్ల వయసులో, దువాలి మళ్లీ శాన్ ఆంటోనియో దాకా ప్రయాణం చేసి అధికారులను అడిగాడు. జవాబు వాయిదాయే. మెక్సికోకు ఆయన అవసరం నిజంగా ఉన్నప్పుడు ఆ ప్రభుత్వానికి ఒక పని మొదలుపెట్టి పూర్తి చేసే స్థిరత్వం లేదు. పట్టా చేతికి రాకపోవడానికి చెరోకీల అలసత్వం ఎంతమాత్రం కారణం కాదని చెప్పడానికి ఈ ఒక్క ఘట్టం చాలు. 'వాళ్లకు చట్టబద్ధమైన హక్కే లేదు' అని తర్వాత వాదించినవాళ్లు దీన్ని పక్కన పెట్టేశారు.

1835లో టెక్సస్‌లోని అమెరికన్ వలసదారులే మెక్సికో మీద యుద్ధానికి దిగారు. ఒకవైపు మెక్సికో సైన్యం వస్తోంది, వెనక తూర్పున చెరోకీలూ వాళ్ల మిత్ర తెగలూ ఉన్నారు. వాళ్లు మెక్సికోతో కలిస్తే తమ పని అయిపోతుందని వలసదారులకు తెలుసు. అందుకే ఆ నవంబర్‌లో వాళ్ల సభ, చెరోకీల భూమి హక్కును గౌరవిస్తామని గంభీరంగా ప్రకటించింది. తర్వాత వాళ్ల తరఫున, వాళ్ల సైన్యాధిపతి శామ్ హ్యూస్టన్ వచ్చాడు. హ్యూస్టన్ కుర్రవాడిగా టెన్నెసీలో తలోంటీస్కీ తమ్ముడు జాన్ జాలీ ఇంట పెరిగినవాడు, చెరోకీ భాష తెలిసినవాడు, 1829లో పడమటి చెరోకీల పౌరసత్వం కూడా తీసుకున్నవాడు. పడమటి వలస నాయకుల కుటుంబంలో మనిషి అనే చెప్పాలి. 1836 ఫిబ్రవరి 23న హ్యూస్టన్, ఇంకో ప్రతినిధి జాన్ ఫోర్బ్స్ కలిసి దువాలి ఊళ్లో ఒప్పందం మీద సంతకాలు చేశారు. సబైన్, నెచెస్, ఏంజెలీనా నదుల మధ్య నేల చెరోకీలకూ మిత్ర తెగలకూ చెందుతుంది. వాళ్లు దాన్ని బయటివాళ్లకు అమ్మకూడదు. హ్యూస్టన్ తన స్నేహానికి గుర్తుగా దువాలికి ఒక కత్తి, చేతులు లేని పట్టు కోటు, నడుం పట్టీ, సైనిక టోపీ ఇచ్చాడు.

అదే ఫిబ్రవరి 23న మెక్సికో నాయకుడు శాంటా అన్నా సైన్యం శాన్ ఆంటోనియోలోకి దిగి, వలసదారులు కోటగా మార్చుకున్న ఆలమో ముట్టడి మొదలుపెట్టింది. ఆ రోజు టెక్సస్‌కు దువాలి మౌనం చాలా అవసరం. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. చెరోకీలు యుద్ధంలో మెక్సికో వైపు చేరలేదు. ఏప్రిల్ 21న శాన్ జసింటోలో హ్యూస్టన్ గెలిచాడు.

గెలిచిన వెంటనే ఆ అవసరం తీరిపోయింది. స్వతంత్ర దేశమైన టెక్సస్‌కు హ్యూస్టన్ అధ్యక్షుడై ఒప్పందాన్ని ఆమోదించమని అక్కడి సెనేట్‌ను అడిగితే, 1837 డిసెంబర్‌లో సెనేట్ అది చెల్లదని తేల్చేసింది. మెక్సికో ఎప్పుడూ పట్టా ఇవ్వలేదు కాబట్టి చెరోకీలకు హక్కు లేదన్నది వాదన. ఇది ఎంత అన్యాయమంటే, ఒప్పందం చేసుకున్నప్పుడూ మెక్సికో పట్టా లేదన్న సంగతి అందరికీ తెలుసు. ఆ లోటు తీర్చడమే దాని పని. మెక్సికో పెత్తనాన్నే తుపాకీతో తీసేసిన దేశం, తనకు కావలసిన చోట మాత్రం మెక్సికో కాగితం అడిగింది.

ఆ తీర్పుతో కొత్త వలసదారులు ఆ నేల మీదికి రావడం మొదలైంది, గొడవలూ పెరిగాయి. 1838 ఆగస్టులో నాకడోచెస్‌లో విన్సెంట్ కోర్డోవా మెక్సికోకు అనుకూలంగా తిరుగుబాటు చేశాడు. అక్టోబర్‌లో వలస వచ్చిన కిల్లో అనే కుటుంబం మీద దాడి జరిగి పద్దెనిమిది మంది చనిపోవడమో మాయమవడమో జరిగింది. నింద చెరోకీల మీద పడింది, దువాలి తన మనుషులు కాదన్నాడు. 1839 మేలో ఒక మెక్సికో ఏజెంటును చంపినప్పుడు అతని దగ్గర తెగల నాయకులకు రాసిన ఉత్తరాలు దొరికాయి. వాటిలో దువాలి పేరూ ఉంది. ఒక మనిషి పేరు మీద ఉత్తరం రాయడం ఆ మనిషి ఒప్పుకున్నాడనడానికి సాక్ష్యం కాదు. కానీ అప్పటికి అధ్యక్షుడు హ్యూస్టన్ కాదు, మిరాబో లామార్. తెగలను పూర్తిగా వెళ్లగొట్టాలి లేదా పూర్తిగా అంతం చేయాలని పదవిలోకి వచ్చిన నెలలోనే కాంగ్రెస్‌కు చెప్పినవాడు. ఆయనకు ఆ ఉత్తరాలు చాలు.

టెక్సస్ వదిలి వెళ్లాలన్న లామార్ లేఖను తీసుకుని మార్టిన్ లేసీ అనే ఏజెంటు దువాలి ఇంటికి వెళ్లాడు. వెంట వెళ్లిన ఇరవై ఏళ్ల జాన్ రేగన్ ముసలితనంలో ఆ సంభాషణను రాశాడు. దువాలి పంట చేతికొచ్చే దాకా గడువు అడిగాడు. తన సభ యుద్ధానికే మొగ్గిందనీ, తనకు మాత్రం గెలుపు మీద నమ్మకం లేదనీ చెప్పాడు. పోరాడితే తెల్లవాళ్లు చంపుతారు, పోరాడనంటే తనవాళ్లే చంపుతారు. తన గురించి బెంగ లేదుగానీ భార్యలూ పిల్లలూ ఏమవుతారోనన్నదే దిగులన్నాడు. ఇన్నాళ్లు నడిపించిన జనం పక్కన నిలబడటం తన బాధ్యత అన్నాడు. ఫీల్డ్స్‌కు ఏం జరిగిందో తెలిసిన మనిషి నోటి నుంచి వచ్చిన మాటలివి.

జులైలో చర్చలకు టెక్సస్ పంపిన ప్రతినిధుల్లో యుద్ధ మంత్రి ఆల్బర్ట్ సిడ్నీ జాన్‌స్టన్, థామస్ రస్క్ ఉన్నారు. ఉపాధ్యక్షుడు డేవిడ్ బర్నెట్ కూడా ఉన్నాడు. 1826లో ఇదే నేలను మెక్సికో నుంచి గుత్తకు తీసుకున్న బర్నెట్ అతనే. కట్టుకున్న ఇళ్లకూ బాగుచేసుకున్న పొలాలకూ డబ్బిస్తాం, నేలకు మాత్రం ఇవ్వం అన్నారు. విచారకరమైన విషయం ఏమిటంటే, చెరోకీలు వెళ్లిపోవడానికి దాదాపు ఒప్పుకున్నారు. మాట చెడింది నేల దగ్గర కాదు. తుపాకులు పేలకుండా వాటి పేల్చే భాగాలు ఊడదీసి ఇవ్వాలనీ, సైన్యం కాపలాలో సరిహద్దు దాకా నడవాలనీ పెట్టిన షరతుల దగ్గర. 1838లో తూర్పున తమ బంధువులు సైన్యం కాపలాలో ఎలా నడిచారో తెలిసినవాళ్లు ఆ షరతుకు తలవంచలేదు.

జులై 15న పోరు మొదలైంది. మర్నాడు నెచెస్ నది ఎగువన, ఇప్పటి టైలర్ పట్టణానికి పడమర, చెరోకీలు ఓడిపోయారు. ఎనభై మూడేళ్ల దువాలి హ్యూస్టన్ ఇచ్చిన టోపీ పెట్టుకుని, కత్తి చేతబట్టి, గుర్రం మీద అటూ ఇటూ తిరుగుతూ తన వాళ్లను నిలబెట్టాడు. అందరికంటే చివర్లో వెనక్కి తిరిగాడు. గుర్రం దెబ్బతింది, ఆయన తొడకు గుండు తగిలింది. దిగి నడవబోతే వీపులో ఇంకో గుండు దిగింది. కింద పడి, లేచి కూర్చుని శత్రువుల వైపు తిరిగాడు. కాల్చవద్దని రేగన్ అరిచేలోపు కెప్టెన్ రాబర్ట్ స్మిత్ పిస్టల్‌తో తలలో కాల్చాడు. సైన్యం తర్వాత రోజుల తరబడి ఊళ్లనూ మొక్కజొన్న చేలనూ తగలబెడుతూ వెళ్లింది. దువాలి గడువు అడిగిన పంట అదే.

ఈ జులైకి ఇంకో ప్రాముఖ్యం ఉంది. సరిగ్గా నాలుగు రోజుల ముందు, జులై 12న, ఉత్తరాన ఇండియన్ టెరిటరీలో (ఇప్పటి ఓక్లహోమా) ముందే వచ్చి స్థిరపడిన పడమటి చెరోకీలూ, కన్నీటి బాట నడిచి వచ్చినవాళ్లూ ఒకే జాతిగా ఏకమవుతున్నట్టు ప్రకటన రాసుకున్నారు. అది కూడా రక్తం లేకుండా జరగలేదు. జూన్ 22న, తూర్పు భూమిని వదిలేస్తూ న్యూ ఎకోటా ఒప్పందం మీద సంతకం చేసిన మేజర్ రిడ్జ్, జాన్ రిడ్జ్, ఎలియాస్ బౌడినాట్‌లను చెరోకీలే చంపారు. 1807లో డబుల్‌హెడ్‌ను చంపినవాళ్లలో ఈ మేజర్ రిడ్జ్ ఒకడు.

టెక్సస్‌లో మిగిలినవాళ్లు ఎక్కువమంది ఉత్తరానికి, ఆ కొత్త ఐక్య జాతిలోకి వెళ్లారు. కొందరు మెక్సికో వైపు పోయే ప్రయత్నం చేశారు. దువాలి కొడుకు జాన్ బౌల్స్ అలా వెళ్తూ 1839 డిసెంబర్ 25న టెక్సస్ సైన్యం చేతిలో చనిపోయాడు. మెక్సికో చేరిన చెరోకీలను వెతుక్కుంటూ 1842లో బయల్దేరినవాడు సెక్వోయా, చెరోకీ భాషకు లిపి ఇచ్చినవాడు. ఆయన కూడా 1820ల్లోనే ఆర్కన్సాకు వచ్చిన తొలి వలసదారు. చెదిరిన జనాన్ని కలపాలన్న ఆ ప్రయాణంలోనే, 1843లో, మెక్సికోలో కన్నుమూశాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో, మళ్లీ అధ్యక్షుడైన హ్యూస్టన్ ప్రభుత్వం బర్డ్స్ ఫోర్ట్ దగ్గర చెరోకీలతో సహా పలు తెగలతో శాంతి ఒప్పందం చేసుకుంది. నెచెస్ ఒడ్డున ఉన్న భూమి దాని వల్ల తిరిగి రాలేదు. ఆ నేలలో కొంత భాగం 1846లో చెరోకీ కౌంటీ అయింది. దాని ముఖ్య పట్టణం పేరు రస్క్, 1839లో ఆ జనాన్ని వెళ్లగొట్టిన దండులో ముందు నిలిచిన థామస్ రస్క్ పేరు.